ఐవీ వదిన నోట రాని మాట

మా ఐవీ వదినకు నోరు పెద్దది. ఈ మాట చాటుగా అనడం లేదు, ఆమె మొహం మీదే చాలాసార్లు అన్నాను. స్కెల్‌బీ అనే మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండిపెట్టేది ఆమే. క్యాబేజీ తినకుండా ప్లేటు దాచిన పిల్లాడు ఏ మూల నక్కినా ఆమె కేక అక్కడికి చేరుతుంది. ఆమె మొగుడు, అంటే మా అన్న విల్ఫ్, బీట్‌దుంపల పొలంలో ట్రాక్టర్ మీద కూర్చుని కూడా, గాలి అటు వీస్తే, ఇంట్లో ఎవరికి చీవాట్లు పడుతున్నాయో చెప్పగలడు. అలాంటి మనిషి నోట చిన్న మాట ఒకటి పెగల్లేదంటే ఎవరూ నమ్మరు. కళ్ళారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

అది పందొమ్మిదివందల యాభై నాలుగో సంవత్సరం, వసంతకాలం. మా ఊరి వెనక యుద్ధకాలపు విమానాశ్రయం తొమ్మిదేళ్ళుగా కుందేళ్ళకు, గొర్రెలకు ఇల్లయి ఉంది. లండన్ నుంచి సినిమా కంపెనీ వచ్చి కుందేళ్ళను తరిమేసి, రేకుల షెడ్లకు రంగులు వేసి, ఎక్కడినుంచో నాలుగు పాత బాంబర్ విమానాలు తెచ్చి నిలబెట్టింది. బాంబర్ కుర్రాళ్ళ కథ తీస్తున్నారట. సైనికుల్లా నిలబడటానికి ఊళ్ళో మగవాళ్ళు కావాలన్నారు. మరునాడు పొలాల్లో మనిషి కనపడితే ఒట్టు. నాకు పోస్టాఫీసుతోనే సరిపోతుంది, వేషాలు వేసే తీరిక లేదని ఒక మాట అన్నాను. నన్నెవరూ బతిమాలలేదు.

యుద్ధంలో మా అన్నను సైన్యంలో చేర్చుకోలేదు. దుంపలు పండించడమే నీ దేశసేవ అని పొలంలోనే ఉంచేశారు. ఆ లోటు ఇన్నాళ్ళకు తీరింది. విమానాలకు పెట్రోలు పోసే వాళ్ళలో ఒకడిగా నీలం రంగు యూనిఫారం ఇచ్చారు. బొత్తాలు పట్టలేదు. పొట్ట లోపలికి పీల్చి రెండు నిమిషాలు నిలబడగలిగేవాడు, అందుకని వాడిని వెనక వరసలో పెట్టారు.

బాంబర్‌లో ఎక్కేది ఏడుగురు. ఆ ఏడుగురి వేషాలు వేసేవాళ్ళు లండన్ నటులు. పబ్ మేడ మీద గదుల్లో దిగారు. కెప్టెన్ వేషం జూలియన్ ఫార్‌ది. అతని ఫొటో పత్రికల్లో వస్తుంది కాబట్టి మా ఊరి ఆడపిల్లలు స్టాంపులు అవసరం లేకపోయినా పోస్టాఫీసు వైపు నడిచేవారు, పబ్ ఎదురుగానే కదా నేనుండేది. విమానం తోకలో ఒంటరిగా కూర్చుని తుపాకీ పేల్చేవాడి వేషం ఓవెన్ ప్రాసర్ అనే వేల్స్ కుర్రాడిది. పొట్టివాడు, సరదా మనిషి, ఎప్పుడూ ఆకలే.

ఐవీ వదినకు వేషం దొరికిన తీరు కూడా ఆమె నోటి చలవే. యుద్ధంలో మూడేళ్ళు అదే విమానాశ్రయం మెస్‌లో వైమానిక దళం తరఫున వంట చేసింది. ఆ మెస్‌నే మళ్ళీ సిద్ధం చేస్తున్నారని తెలిసి చూడటానికి వెళ్ళింది. సినిమావాళ్ళ వంటవాడు పెనం మీద గుడ్లు వేస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు, గుడ్డు వేయిస్తున్నావా, చెప్పులు కుడుతున్నావా?" అందట. "జరుగు అవతలికి."

డైరెక్టరు హార్కోర్ట్ గారు అది విన్నాడు. నిజంగా ఈ వడ్డన కిటికీలోంచే, యుద్ధకాలపు బాంబర్ కుర్రాళ్ళకే వడ్డించిన మనిషి అని తెలిశాక ఆయన సంతోషం పట్టలేకపోయాడు. విమానం ఎక్కబోయే ఏడుగురికీ గుడ్లు వడ్డించే వేషం ఆమెకే ఇచ్చాడు. అంతటితో ఆగకుండా ఒక మాట కూడా ఇచ్చాడు. ఏడో ప్లేటు అందించి, "క్షేమంగా వెళ్ళి తిరిగి రండి, నాయనా" అనాలి. మా ఊరు మొత్తం మీద నోరు తెరిచి మాట్లాడే వేషం అదొక్కటే.

వదిన జుట్టు రింగులు తిప్పించుకుంది. గ్రిమ్స్‌బీలో ఉన్న వాళ్ళమ్మకు ఉత్తరం రాసింది. నా కౌంటరు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకల్లా చెప్పింది.

"పోనీలే వదినా, ఒక్క మాటకే ఇంత హడావుడా?" అన్నాను.

"ఒక్క మాటే మాడ్జ్. కానీ నీకు తెలీదు. పేపర్లలో పైలట్ల బొమ్మలేశారు, విమానాల బొమ్మలేశారు, ఆఖరికి వాళ్ళ కుక్కల బొమ్మలు కూడా వేశారు. తెల్లారుజామున లేచి గుడ్లు వేయించినదాని బొమ్మ ఎవడైనా వేశాడా? ఇప్పుడు నా మొహం ఈ గోడంత కనిపిస్తుంది. మా అమ్మ చూడాలి."

ఆ ఆశ చూస్తే నాకు ముచ్చటేసింది. నిజానికి కొంచెం అసూయ కూడా వేసింది, దాచడమెందుకు.

మొదటిరోజే గొడవ. మెస్ నిండా యూనిఫారాలు. కెమెరా తిరుగుతోంది. వదిన వరసగా ప్లేట్లలో గుడ్లు వేస్తోంది. లైనులో ఏడుగురి వెనకాల మా అన్న విల్ఫ్ ప్లేటు పట్టుకుని నిలబడ్డాడు. వాడిని అక్కడ ఎవరూ నిలబడమనలేదు. ఒక గుడ్డు ప్లేట్లో పడింది. వదిన తలెత్తి మనిషిని చూసింది. వెంటనే గరిటెతో గుడ్డు వెనక్కి తీసేసుకుంది.

"పెట్రోలు పోసేవాడివి నీకు గుడ్డేంటి? ఎగిరేవాళ్ళకే గుడ్డు. బీన్స్ అక్కడున్నాయి, పో."

"నేను నీ మొగుణ్ణే!" అన్నాడు విల్ఫ్.

"రాజుగారైనా సరే. ఎగిరేవాళ్ళ జాబితాలో పేరుందా?"

డైరెక్టరు 'కట్' అని అరిచాడు. మెస్ అంతా నవ్వులు. వదినకు మాత్రం ఎందుకు నవ్వుతున్నారో కాసేపు అర్థం కాలేదు. యుద్ధంలో రేషను వల్ల ఊళ్ళోవాళ్ళు గుడ్డు మొహం చూసి వారాలయ్యేది. బాంబు వెయ్యడానికి వెళ్ళేవాళ్ళకు వెళ్ళే ముందొకటి, తిరిగొస్తే ఒకటి. అంతే లెక్క. ఆ కిటికీ వెనక నిలబడగానే ఆమె చెయ్యి పాత లెక్కకే పోయింది. కడుపులో గుడ్డు పడని మా అన్న ఆ రోజంతా మొహం మాడ్చుకుని తిరిగాడు.

రెండోరోజు వదిన మాట పలకాలి. పోస్టాఫీసుకు తాళం వేసి నేనూ వెళ్ళాను. మెస్ గుమ్మం దగ్గర మ్యూరియల్ బ్రాకెన్‌బరీ కూడా నిలబడి ఉంది. డాక్టరుగారి భార్య. చర్చిలో పాటలు చక్కగా పాడుతుంది, మాట స్పష్టంగా ఉంటుంది, యుద్ధం జరిగినన్నాళ్ళూ వాళ్ళ పిన్నిగారింట్లో, విమానం చప్పుడు వినపడని చోట గడిపింది. ఆ వేషం తనకు రావలసిందని ఆమె అందరితో అంటోంది.

ఏడుగురూ వరసగా వచ్చారు. ఆఖరున ఓవెన్. వదిన ప్లేటు అందించింది.

"ప్లేటు రెండు చేతుల్తో పట్టుకో," అంది.

డైరెక్టరు నవ్వి, మళ్ళీ తీద్దామన్నాడు. రెండోసారి "ఉప్పు ఆ చివర" అంది. మూడోసారి "కదులు, వెనకాల జనం ఉన్నారు" అంది, వెనకాల గోడ తప్ప ఏమీ లేదు. నాలుగోసారి అసలేమీ అనలేదు. నోరు తెరిచి మూసేసి, గరిటెతో పెనం గీకడం మొదలుపెట్టింది. ఐదోసారి ప్లేటు అందించకుండా తన దగ్గరే పట్టుకుంది. కోపంతో ఎర్రబడే మొహం మొదటిసారి తెల్లబడటం చూశాను.

డైరెక్టరు టీకి విరామం ఇచ్చాడు. వదిన వంటింటి వెనక బొగ్గుల పెట్టె మీద కూర్చుంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమైంది వదినా? వానపాము మీద కూడా అరుస్తావు కదా, ఈ ముక్క అనలేవా?"

"ఆ ముక్క ఎవరూ అనకూడదు మాడ్జ్. ఇక్కడ ఎవరూ అనేవాళ్ళు కాదు. తిరిగి రావడం గురించి ఎగిరేవాళ్ళ ముందు ఎత్తకూడదు. వాళ్ళలో వాళ్ళు వెటకారాలాడుకునేవాళ్ళు, నువ్వు రాకపోతే నీ గుడ్డు నాది రా అని. మేం తిట్టేవాళ్ళం, ప్లేటు పగలగొట్టకు వెధవా అని. అంతేగాని వెళ్ళి రండి అని మాత్రం ఎవరూ అనరు."

"అయితే?"

ఆమె తన చేతుల వైపు చూసుకుంది.

"నేనొకసారి అన్నాను. కొత్త, నాకు తెలీదు. నేను చేరిన రెండోవారం. చలికాలం మొదలవుతోంది. ఒక బల్ల చుట్టూ ఏడుగురు, ఒకడికింకా మీసం కూడా సరిగ్గా రాలేదు. వాణ్ణి చూసి జాలేసి, క్షేమంగా వెళ్ళి రండి నాయనా, గుడ్లు వేడిగా పెడతాను అన్నాను. మెస్ మొత్తం చప్పుడాగిపోయింది. పెద్ద వంటావిడ నా చెయ్యి గిల్లింది. ఆ మీసం లేనోడు మాత్రం నవ్వి, సరేనమ్మా అన్నాడు. పొద్దున ఏడు గుడ్లు పెనం దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. ఏడుగురిలో ఒక్కడు కూడా రాలేదు."

ఇన్నేళ్ళు ఒకే వీధిలో ఉంటున్నాం, ఈ సంగతి నాకు తెలియదు. మా అన్నకూ తెలియదట.

"నీ మాటవల్ల కాదు వదినా."

"నాకు తెలీదా? నా మాటకంత బలముంటే ఆ హిట్లరు మీదే వాడేదాన్ని, యుద్ధం వారంలో అయిపోయేది," అని ముక్కు చీదింది. "నా బుర్రకు తెలుసు. నోటికే తెలీట్లేదు."

తర్వాత ఆమె స్వయంగా డైరెక్టరు దగ్గరకు వెళ్ళి, పెద్ద వంటావిడ గిల్లిన సంగతి, ఆ మాట అనకూడదన్న సంగతి చెప్పింది. మీసం లేని కుర్రాడి సంగతి చెప్పలేదు. అసలు మెస్‌లో ఎవరూ అలా అనరు, ఇంకేదైనా మాట ఇవ్వండి, తిట్టమంటే బ్రహ్మాండంగా తిడతాను అంది. హార్కోర్ట్ గారు చెడ్డవాడేం కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి విన్నాడు.

"మీరు చెప్పిందే నిజం అయ్యుంటుందమ్మా. కానీ హాల్లో కూర్చునే ఆవిడ నిజం కోసం టికెట్ కొనదు, ఏడవడానికి కొంటుంది. ఆ మాట ఉండాల్సిందే. రేపు పొద్దుటిదాకా ఆలోచించుకోండి. మీరు అనలేనంటే, ఆ గుమ్మం దగ్గరున్నావిడ అంటానంటున్నారు."

ఆ సాయంత్రం వదిన ఇంట్లో సాధన చేసింది. ముందు కోళ్ళతో చెప్పి చూసింది. కోళ్ళతో బాగానే వచ్చిందట. తర్వాత విల్ఫ్‌ను గుమ్మంలో నిలబెట్టి, చేతిలో ప్లేటు పెట్టి, కళ్ళు మూసుకుని ప్రయత్నించింది. చివరకు "బూట్లు బయట విప్పు" అంది. విల్ఫ్ బుద్ధిగా వెళ్ళి విప్పాడు.

పొద్దున నేను పోస్టాఫీసు తెరవకముందే ఆమె విమానాశ్రయానికి వెళ్ళింది. "మ్యూరియల్‌కి ఇవ్వండి" అని డైరెక్టరుతో చెప్పింది. ఏడవలేదు, అలగలేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. చేతికందిన కూడు నోటికందకపోవడం అంటే ఇదే.

మ్యూరియల్ మొదటిసారికే ఆ మాట అద్భుతంగా అంది, సరిగ్గా చివరి అక్షరం మీద కన్నీటిచుక్క రాల్చింది. కాకపోతే గుడ్డు వడ్డించడం చేతకాలేదు. ప్రతిసారీ పచ్చసొన పగిలి కారింది. పన్నెండు గుడ్లు పాడయ్యాక డైరెక్టరు, మొహం మ్యూరియల్‌ది తీసుకుని, చేతులు మాత్రం ఐవీవి విడిగా తియ్యమన్నాడు. మరుసటి ఏడాది లింకన్ పట్నంలో ఆ సినిమా చూడటానికి బస్సు కట్టించుకుని వెళ్ళాం. తెర నిండా మా వదిన చేతులు, గరిటె, నిగనిగలాడే గుడ్డు. "అవి నావే! ఆ చేతులు నావే!" అని హాలంతా వినపడేలా అరిచింది. నాలుగు వరసలు వెనక్కి తిరిగి 'ష్' అన్నాయి. "ష్ ఏంటి, నా చేతులకు నేను టికెట్ కొన్నాను!" అంది. పక్కన వాళ్ళమ్మ, చూపు సరిగ్గా ఆనకపోయినా, గుర్తుపట్టానని తలూపింది.

కానీ నేను చెప్పదలచుకున్నది సినిమా సంగతి కాదు. వాళ్ళు మా ఊరు విడిచి వెళ్ళిన రోజు సంగతి.

వేషం పోయినా వదిన ఆ ఏడుగురినీ వదలలేదు. కంపెనీ తిండి బాగుండటం లేదని ఓవెన్ ఒకసారి గొణిగాడు, అంతే. రోజూ బడి వంట కాగానే వాళ్ళకు మాంసం కూరిన రొట్టెలు, ఎండుద్రాక్షల రొట్టె మీద వెన్న రాసి పట్టుకుపోయేది. వాళ్ళు ఆమెను 'అక్కా' అనడం మొదలుపెట్టారు. పత్రికల్లో ఫొటోలు పడే జూలియన్ ఫార్ మా వదినింట్లో స్టూలు మీద కూర్చుని బఠాణీలు ఒలిచాడు. "ఒక్కోటీ చూస్తూ ఒలుస్తావేంటి, పెళ్ళిచూపులా?" అని ఆమె అతన్నీ వదల్లేదు.

మే నెలలో పని ముగిసింది. ఒక శనివారం మధ్యాహ్నం పబ్ ముందు బస్సు నిలబడింది. ఊరంతా చేరింది. వదిన ప్రతి ఒక్కడికీ రొట్టె మూట ఇచ్చింది, ప్రతి ఒక్కడినీ ఏదో ఒక వంక పెట్టి తిట్టింది. మెడకు గుడ్డ చుట్టుకోలేదని ఒకణ్ణి, బూటు తాడు కట్టుకోలేదని ఒకణ్ణి. ఓవెన్ ఆఖరున ఎక్కాడు. తలుపు మూసుకుంది, బస్సు కదిలింది.

అప్పుడు వదిన పరుగెత్తింది. ఆ ఒంటితో ఆమె పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. బస్సు పక్కరేకు మీద రెండు చేతులతో దబదబ బాదింది. డ్రైవరు బ్రేకు వేసి, "చావాలనుందా ఏంటమ్మా?" అని అరిచాడు. కిటికీల్లోంచి ఏడు తలలు బయటికొచ్చాయి.

"క్షేమంగా వెళ్ళి..." అంది. ఆగింది. రెండు చేతులూ కొంగులా నడుముకు కట్టుకున్న వంటగుడ్డలో చుట్టేసుకుంది. "క్షేమంగా వెళ్ళి తిరిగి రండి, నాయనా."

ఒక్కడు కూడా వెటకారమాడలేదు.

"చేరగానే మాడ్జ్ పోస్టాఫీసుకి ఫోన్ చెయ్యండి. ఏడుగురూ. విన్నారా? ఏడుగురూ!"

బస్సు వెళ్ళిపోయింది. వదిన తిన్నగా నా పోస్టాఫీసుకు వచ్చి, టెలిఫోన్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. అప్పుడు టైము ఒంటిగంట. లండన్ చేరడానికి ఐదారు గంటలు పడుతుందని చెప్పాను.

"నాకు తెలుసు. ఇక్కడే ఉంటాను."

"అన్నేళ్ళు అననిదానివి, ఇప్పుడెందుకన్నావు?"

"సినిమాలో వాళ్ళెక్కడికీ వెళ్ళట్లేదు మాడ్జ్. ఆ మాటంటే కెమెరా కోసం అన్నట్టే. ఇప్పుడు నిజంగా వెళ్తున్నారు. వీళ్ళకి కూడా అనకపోతే ఇంకెవరికంటాను? చచ్చేదాకా ఆ మాట మింగుకునే తిరగనా?" అని, కుర్చీ టెలిఫోన్‌కి ఇంకాస్త దగ్గరగా జరుపుకుని, "అనేశాను కదా. ఇప్పుడు భయమేస్తోంది," అంది.

ఆరయింది, ఫోన్ రాలేదు. నేను ఆఫీసు మూసే వేళ ఎప్పుడో దాటిపోయింది. ఆరున్నరకు వదిన టీ వద్దంది. ఏడింటికి ఒకసారి మోగింది, ఆమె నాకంటే ముందే అందుకుంది. ఎవరో పందుల దాణా గురించి అడిగారు. వాళ్ళకు జన్మలో మరిచిపోని చీవాట్లు పడ్డాయి.

ఏడున్నరకు మళ్ళీ మోగింది. బయట ఇంకా వెలుతురుంది. జూలియన్. టైరు పంక్చరై ఆలస్యమైందట.

"చేరాం అక్కా," అన్నాడు.

"ఒకటి," అంది వదిన. "పక్కవాడికివ్వు."

ఒక్కొక్కడూ వచ్చి చేరాం అన్నాడు. ఆమె రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని వేళ్ళు మడుస్తూ వచ్చింది. ఆరు దగ్గర ఆగింది.

"ఓవెన్ ఏడీ?"

అవతల జూలియన్ ఏదో చెప్పాడు. బస్సు దిగగానే ఓవెన్ తన గదికి నడిచి వెళ్ళిపోయాడట, రెండు వీధుల అవతలే, బాగానే ఉన్నాడట.

"నేను వినలేదు కదా. పిలుచుకురా."

"అక్కా, ఇది ట్రంకు కాల్, నిమిషానికింతని డబ్బులు..."

"పిలుచుకురా!"

ఆ కేక బీట్ పొలాల దాకా వెళ్ళి ఉంటుంది. ఫోన్ అవతల బూట్లు పరుగెత్తిన చప్పుడు వినిపించింది. మూడు నిమిషాలు దాటాయి. లైను తెంచుతానని లింకన్ ఎక్స్ఛేంజి అమ్మాయి మధ్యలో దూరింది. "తెంచావంటే నేనే లింకన్ వస్తాను" అన్నాను. పదిహేనేళ్ళ ఉద్యోగంలో నేను ఎక్స్ఛేంజి వాళ్ళను బెదిరించింది అదొక్కసారే. వదిన ఆరు వేళ్ళనూ మడిచినవి మడిచినట్టే ఉంచి గోడవైపు చూస్తూ కూర్చుంది.

చివరకు ఎవరో ఎగశ్వాసతో ఫోన్ అందుకున్నారు. నాకు కూడా వినిపించింది.

"ఏమైందక్కా? ఎవరికేమైంది?" ఓవెన్.

వదిన నోరు తెరిచింది. ఏమీ రాలేదు. రెండోసారి తెరిచింది.

"ఎవరికీ ఏం కాలేదు," అంది. "చేరావా?"

"చేరానక్కా."

"అయితే సరే."

రిసీవరు పెట్టేసి, ఏడో వేలు మడిచి, ఆ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని మా వదిన వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దగ్గరకు వెళ్ళి భుజం పట్టుకున్నాను.

"ఏడుగురూ చేరారు మాడ్జ్," అంది. "ఏడుగురూ చేరారు."